తెలుపు కొయ్యది

ఛాయాచిత్రమును కొయ్యమీదికి దింపబూనువారు తఱచుగా మొదట బొమ్మను ఎన్నుకొని, ఆ పిమ్మట ఇంటిలో దొరికిన ఏదో యొక పలకను తెచ్చుకొందురు. నా యభిప్రాయమున ఈ క్రమము తలక్రిందులు. ఏలయన, రంగుల ముద్రణకు వాడు టోనరులో నలుపు, పసుపు, నీలము, గులాబి కలవు గాని తెలుపు లేదు. కాగితముపై మనము చూచు తెలుపు కాగితముదే. ఆ కాగితమును తొలగించి బొమ్మను మాత్రమే కొయ్యపై నిలిపినప్పుడు తాతగారి తలపాగాయు, పెండ్లికూతురి జడలోని మల్లెదండయు, కన్నుల తెలుపును, అన్నియు కొయ్య వన్నెనే ధరించును. టేకుపలకపై దిగిన మల్లెలు ఏ పూవులో పోల్చుకొనుట దుర్లభము.

కనుక లేతవన్నె కర్రను ముందు సంపాదింపవలెను. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడెడి అంకుడుకర్ర, కొండపల్లి బొమ్మలకు వాడెడి తెల్లపొణికి ఇందులకు తగిన వన్నె గలవే. అయితే పొణికి మిక్కిలి మెత్తన, అంకుడు చిన్నచెట్టగుటచే వెడల్పైన పలక దొరకుట అరుదు. పట్టణవాసులకు లేతవన్నె ప్లైవుడ్డు చాలును. స్కాట్లండులోని మాఖ్లిన్ అను ఊర స్మిత్ వంశీయుల కార్ఖానా 19వ శతాబ్దిలో యాత్రాస్థలముల దృశ్యములను అచ్చుకాగితములనుండి చిన్న చిన్న కొయ్యపెట్టెలపైకి దింపి, పలుమారులు వార్నిషు పూసి విక్రయించెడిది. వారును పాలవన్నె గల సికమోరు కర్రనే వాడిరి. 1933లో అగ్నిప్రమాదము ఆ కార్ఖానాను కబళించినది.

బొమ్మ కాగితమును వీడి రాగలుగుట లేజరు ముద్రణయొక్క స్వభావము. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని అస్టోరియాలో చెస్టరు కార్ల్‌సన్, గంధకము పూసిన జింకు రేకుపై విద్యుదావేశమును నిలిపి, పొడి చల్లి, ఆ పొడిబొమ్మను మైనపుకాగితముపైకి దించి వేడిచేసి స్థిరపఱచెను. మన వీథిచివర జిరాక్సు దుకాణమున నేటికిని జరుగునది మూలమున ఆ క్రియయే. టోనరు కరగి కాగితముపై అంటుకొన్న ప్లాస్టిక్కు పొడి, నీటికి చలింపదు. ఇంకుజెట్టు సిరా అట్లు గాక నారలోనికి ఇంకిపోవును, తడి తగిలినచో తఱచు చెదరును.

పలకను చిత్రిక పట్టి, ఉప్పుకాగితముతో నునుపుచేసి, ఆక్రిలిక్కు జెల్లును సమముగా పూసి, దానిపై బొమ్మను బోర్లించి, గాలిబుడగలు లేకుండ నొక్కి రాత్రియంతయు ఆరనీయవలెను. బోర్లించుటచే కుడియెడమలు తారుమారగును గనుక ముందే త్రిప్పి ముద్రింపించుట విధి. ముఖములను చూచి ఈ వ్యత్యాసమును పసిగట్టుట కష్టమే గాని, అమ్మమ్మ పైట కుడిభుజమున కనబడినచో ఇంటి ఆడవారు క్షణములో పట్టుకొందురు.

మఱునాడు కాగితపు వీపును తడిపి వ్రేలికొనలతో రుద్దగా, గుజ్జు సన్నని ఉండలుగా చుట్టుకొని రాలును; మొదట జుట్టు, పిదప కనుబొమలు, ఆపై బొట్టు పొడచూపును. తడి యున్నంతసేపు బొమ్మ నిర్మలముగా తోచి పని ముగిసినదను భ్రమ కలుగును. ఆరినతోడనే ముఖమంతయు విభూతి పూసినట్లు తెల్లబారును. అది పొరలో చిక్కిన కాగితపు నార. మరల తడుపవలెను, మరల రుద్దవలెను. ఓర్పు సన్నగిల్లిన వ్రేలు చెంపపై కొంచెము గట్టిగా ఆనెనా, టోనరు పొర లేచి అడుగు కర్ర బయటపడును. కడపట మిగిలిన పలుచని తెరను రుద్దుటకంటె వార్నిషునకు వదలుట మేలు. నారసందులలోని గాలిస్థానమును వార్నిషు ఆక్రమింపగనే ఆ తెర చాలవఱకు పారదర్శకమగును.

లేచిన చోట్లను కుంచెతో పూడ్చువారు కలరు. నాకది రుచింపదు, కర్రచారలు చెంపమీదుగా సాగిపోవుటకు ఒప్పుకొన్నవారికి మరియొక మచ్చ బరువు కాదు. ఒక్క విషయమున మాత్రము నాది మూర్ఖపుపట్టు. పూర్వము స్టూడియోలో తీయించిన ఫొటోను ఈ పనికి ఎన్నటికిని పెట్టరాదు. అందలి వెండి జెలటిను పొరలో బిగిసియుండును గనుక టోనరువలె విడివడి కొయ్యనెక్కదు సరికదా, జెల్లుకును తడికిని లోనై ఆ ఒక్క ప్రతియు చెడును. లేజరు ప్రతి తీయించుకొని, అసలును ఆ పూటయే తిరిగి బీరువాలో భద్రపఱచవలెను.