నీళ్లు కప్పిన ఊళ్లు

కృష్ణమ్మా! సోమశిల మలుపులో నల్లమల కొండలు నిన్ను ఒడిలోకి తీసుకునే చోట, నీలాల నీ నిండుదనం చూసి లోకం మైమరచిపోతోంది. లాంచీలెక్కి వచ్చినవాళ్లు ఆ అందాన్ని ఫొటోల్లో నింపుకొని పోతున్నారు. నేను మాత్రం నీ అలల కింద గడపలు వెతుకుతున్నాను. పసుపు పూసుకున్న గడపలు, ముగ్గులు మురిసిన వాకిళ్లు, ముచ్చట్లు మరిగిన అరుగులు, ఊరి నడుమ పాతుకున్న బొడ్రాయిలు. అన్నిటినీ ఏ అడుగున దాచావు తల్లీ?

ఇలా సాగరమై ఆగకముందు నువ్వు నడిచేదానివి. గద్వాల గడ్డను ఒరుసుకుంటూ, బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కుకుంటూ, కూడవెల్లి దగ్గర తుంగభద్రను కౌగిలించుకొని, జటప్రోలు మదనగోపాలుణ్ణి పలకరించి, కొండల సందున గలగలా శ్రీశైలం దారి పట్టేదానివి. చంద్రికాపరిణయం రచించిన సురభి మాధవరాయల జటప్రోలు అది. నీ ఒడ్డున ఒండ్రు పేరుకున్న చేలలో పంట విరగకాసేది. పుట్టి వేసుకొని అటు ఒడ్డుకు పిల్లనిచ్చేవాళ్లు, ఇటు ఒడ్డుకు కోడలిని తెచ్చుకునేవాళ్లు.

1963 జులైలో నెహ్రూ శ్రీశైలంలో ఆనకట్టకు పునాదిరాయి వేశారు. రాయి అక్కడ పడింది, గుండె ఇక్కడ పగిలింది. 1981 జూన్‌లో ఊళ్ల మీదికి ‘ఆపరేషన్ డిమాలిషన్’ వచ్చింది. నీళ్ల కంటే ముందు పోలీసులు వచ్చారు. దూలాలు కూలాయి, దొడ్లు బోసిపోయాయి, పొయ్యిలో నిప్పు ఆరకముందే పైకప్పు పోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరు ఊళ్ల దాకా, సుమారు లక్షన్నర మంది. తరాల తరబడి దున్నిన చేనును చివరిసారి చూసుకునే తీరిక కూడా వాళ్లకు చిక్కలేదు.

దేవుళ్లకు మర్యాద దక్కింది. బాదామి చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, ప్రతి రాతికీ అంకె వేసి, అలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలుడు గట్టెక్కాడు, సోమశిల సోమేశ్వరుడూ గట్టెక్కాడు. ఎంత మహత్తర కార్యం! ఆ శిల్పులకు, ఆ కూలీలకు చేతులెత్తి మొక్కుతాను. కానీ మనిషికి అంకె పడింది పరిహారపు కాగితం మీదనే. విడదీసిన వాడకట్టును, చెదిరిన చుట్టరికాన్ని మళ్లీ పేర్చిన స్థపతి ఎవరూ రాలేదు. ఇంటికో ఉద్యోగమని 1986లో వచ్చిన జీవో 98ని నమ్ముకొని, ఆ పత్రాలను ట్రంకుపెట్టెల్లో దాచుకున్న యువకులు ఎదురుచూపుల్లోనే నెరిసిపోయారు.

నీ నిండుమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి ఊళ్లిచ్చిన గడ్డ దశాబ్దాలపాటు దప్పికతోనే ఉంది. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు తిరగడానికి 30 ఏళ్లు పట్టింది. అంతవరకూ దేశంలోని ఆనకట్టలకు మట్టి మోసింది మన పాలమూరు కూలీయే. నీళ్లు లేక వలసపోయినవాడే ఊరూరా నీళ్లకు కట్టలు కట్టాడు! ఈ మాట తలచుకుంటే నాకు అన్నం సహించదు. ఉన్న నీళ్లూ ఉసురు తీశాయి. దాటడానికి వంతెన లేక, 2007 జనవరిలో మంచాలకట్ట రేవు దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా నీలో కలిసిపోయారు.

ఎండాకాలం నువ్వు తగ్గుతావు. అటు ఒడ్డున సప్తనదీ సంగమంలో వేపదారు లింగంతో మరో సంగమేశ్వరుడు తేలుతాడు. ఇటు ఒడ్డున పాత బావుల ఒరలు, గోడల మొదళ్లు బయటపడతాయి. ముసలివాళ్లు మనవళ్లను వెంటబెట్టుకొచ్చి, ఇది మన వంటిల్లు, ఇది మీ జేజి పుట్టిన ఇల్లు అని వేలు చూపుతారు. తమదే అయిన, కాగితాల్లో తమది కాని నేల మీద కొందరు నాగలి కడతారు. అప్పులు చేసి విత్తనం వేస్తారు. జూరాల గేట్లు ఎత్తారన్న కబురు రాగానే, చేతికందినంత కోసుకొని, మిగిలింది నీకే వదిలి, మూటలతో గట్టెక్కుతారు, ఏటేటా.