పల్లికాయ రాసి, లెక్కల విద్య

యాసంగి పంట యార్డుకు చేరు దినములలో వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతముల పల్లికాయ వ్యాపారులను గమనించుట నాకు మిక్కిలి ప్రీతి. రాసి ముందు వంగి, గుప్పెడు కాయలు తీసి, నాలుగింటిని ఒలిచి, గింజ నిండుదనమును, తోలు రంగును, తేమను పరీక్షించి ధర కట్టు ఆ మనిషి, నేడు వ్యాపార విద్యాలయములు దత్తాంశ విశ్లేషణమని బోధించు శాస్త్రములో అక్షరాభ్యాసము ఎన్నడో చేసికొన్నవాడు. 1937లో గణాంక శాస్త్రజ్ఞుడు మహలనోబిస్ వంగదేశమున జనపనార పంట విస్తీర్ణమును తేల్చుటకు చేపట్టిన నమూనా సర్వేకును మూలము, కొంత చూచి మొత్తము నెరుగవచ్చునన్న ఈ నమ్మకమే. అయితే ఆ కొంతను చేతి ఇష్టమునకు విడువక యాదృచ్ఛికముగా ఎన్నుకొనవలెనని ఆయన పట్టుపట్టెను. పైపై కాయలనే తాకు చేయి అడుగు కాయల సంగతి ఎరుగదు గదా!

2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ అను జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టు విధానమున లాటు సంఖ్య, నాణ్యతా పరీక్ష, ఒకరి ధర మరొకరికి తెలియని బిడ్డింగు, తూకము సమస్తము నమోదు కావలెను. నూనె మిల్లు యజమాని ఇప్పుడు ఫోనులోనే కనిష్ఠ, గరిష్ఠ, సరాసరి ధరలను చూచి, ఎంత సరుకు నిలువ చేయవలెనో, మిల్లును విస్తరించవలెనో లేదో ఆలోచించుచున్నాడు. ఇది నిస్సంశయముగా మేలు. కాని ఆ సరాసరిలో పచ్చికాయయు ఎండుకాయయు కలగలిసిపోవును. నూటికి 14 పాళ్ల తేమగల క్వింటాలు కాయను 8 పాళ్లకు ఆరబెట్టినచో మిగులునది సుమారు 93.5 కిలోలే, చవుకగా దొరికినదనుకొన్న సరుకు చవుక యగునో కాదో ఈ లెక్క వేసినగాని తెలియదు.

ఇంతకన్న సూక్ష్మమైన ప్రమాదమొకటి గలదు. 2016 అక్టోబరు 11న పాలమూరు (మహబూబ్‌నగరు) జిల్లా విడిపోయి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరైనవి. 2019లో నారాయణపేటయు వేరుపడెను. మహబూబ్‌నగరు పేరిట పదేండ్ల పంట విస్తీర్ణమును వరుసగా పేర్చి చూచువానికి, ఏ రైతును విత్తుట మానకున్నను, పల్లిసాగు హఠాత్తుగా కుంగిపోయినట్లు తోచును. దానిని నమ్మి సరుకునకై పరదేశపు మార్కెట్లకు పోవు యజమానిని యంత్రము వారింపదు. ఈ నేల చరిత్ర నెరిగిన గుమాస్తా వారింపగలడు. అట్టివానిని చర్చలో ప్రక్కన కూర్చుండబెట్టుకొను నాయకుడే నాకు మాన్యుడు.

యార్డు ధరల పట్టికలో ప్రతి లాటు సరసన తేమయు, గింజ శాతమును ప్రకటింపవలెనని నా కోరిక. అప్పుడు మిల్లు యజమానియే కాదు, బండి కట్టుటకు ముందు రైతు సైతము, మరి రెండు దినములు ఆరబెట్టుట లాభమా, అట్లే అమ్ముట లాభమా యని తన లెక్క తాను వేసికొనగలడు.