బోర్డు మీది పేరు

ఇస్కియా దీవిలోని లా మోర్తెల్లా తోట చూడ్డానికి వెళ్లినప్పుడు నాకు ఒక సంగతి మింగుడుపడలేదు. ఎవరిని కదిపినా అది వాల్టన్ తోట అంటారు. అక్కడ మొక్క పెట్టింది, నీళ్లు పోసింది, కడదాకా కాపలా కాసింది ఆయన భార్య సుసానా.

పని చేసిన చేతులకే పేరు దక్కాలన్నది నా పాత పట్టు. ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కట్టించిన రేచర్ల రుద్రుడి పేరున కాక, చెక్కిన శిల్పి పేరునే జనం పిలుచుకునే రామప్ప గుడి గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో!

విలియం వాల్టన్ ఇంగ్లండ్ స్వరకర్త. ఆలివియర్ తీసిన 'హెన్రీ ఫిఫ్త్', 'హామ్లెట్' సినిమాలకు సంగీతం ఆయనదే. 1948లో పని మీద బ్యూనస్ ఎయిర్స్ వెళ్లి, అక్కడి అమ్మాయి సుసానాను పెళ్లాడాడు. ఆయనకు 46, ఆమెకు 22. మరుసటి ఏడాదే నేపుల్స్ అఖాతంలోని ఈ దీవికి మకాం మార్చారు. 1956లో ఫోరియో ఊరి దగ్గర ఒక కొండవాలు కొన్నారు. నిండా అగ్నిపర్వతపు బండలే. ఉద్యానాల రూపకల్పనలో పేరుమోసిన రస్సెల్ పేజ్ వచ్చి, ఆ బండల్ని కదపకుండా వాటి మధ్యే తోట గీసిచ్చాడు. గీత ఆయనది, ఆ తర్వాతి చాకిరీ అంతా ఆమెది.

కింద లోయలో చెట్టంత ఎత్తు ఫెర్న్‌లున్నాయి. మాను మీద చెయ్యి వేస్తే తడిసిన కొబ్బరిపీచులా తగులుతుంది. నడినెత్తిన కొత్త ఆకు ఇంకా విప్పుకోకుండా, గోధుమరంగు నూగుతో చుట్ట చుట్టుకుని ఉంది. పైన గాజు ఇంట్లో అమెజాన్ కలువ. తాంబాళమంత ఆకు, చుట్టూ నిలబడిన అంచు, అడుగునంతా ముళ్లు. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, రెండో సాయంత్రానికి గులాబీరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత నీళ్లలోకి కుంగిపోతుంది. ఆ వెచ్చని చెమ్మలో చాలాసేపు నిలబడిపోయాను. బయట మధ్యధరా ఎండ, లోపల అమెజాన్ ఉక్క. ఇంత ఓపిక పట్టిన మనిషి పేరు పైన ఉండొద్దా అని కోపం కూడా వచ్చింది.

1983లో వాల్టన్ పోయాడు. ఆయన చితాభస్మం ఆ తోటలోనే ఒక పెద్ద బండలో ఉంది. 1991లో సుసానా తోటను జనానికి తెరిచింది. వారాంతాల్లో అక్కడి చిన్న హాల్లో యువ వాయిద్యకారులు కచేరీలు చేస్తారు. వేసవిలో సముద్రానికి ఎదురుగా ఉన్న గ్రీకు రంగస్థలం మీద యువ ఆర్కెస్ట్రాలు వాయిస్తాయి.

నేను వెళ్లినరోజు హాల్లో పియానో ముందు కూర్చున్నది పాతికేళ్లు కూడా లేని కుర్రాడు. మొక్కల కోసం వచ్చినవాళ్లు, నాలాంటివాళ్లే, చేతిలో తోట మ్యాపుతో వెనక వరసల్లో సర్దుకున్నారు. వాయించడం ఆపి అతను తలెత్తేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఇంకా పేరు రాని వాయిద్యకారుడికి అంతమంది శ్రోతలు ఎక్కడ దొరుకుతారు?

సుసానాకు ఎవరో అన్యాయం చేశారని అప్పటిదాకా నమ్మాను. ఆ నిండిన కుర్చీలు చూశాక అర్థమైంది, భర్త పేరును పైకెత్తింది ఆవిడే. ఆ పేరు విని సంగీతప్రియులు వస్తారు, వచ్చినవాళ్లు ఆవిడ చెట్ల కిందుగా నడిచి హాలు చేరతారు. చెట్ల కోసం వచ్చినవాళ్లు ఆ కుర్రాడి ఎదుట కూర్చుంటారు. 2010లో పోయేదాకా ఆవిడ చేసిన ఏర్పాటు ఇది. రామప్ప విషయంలో నా మాట మారదు గానీ, ఇక్కడి బోర్డు మీద వాల్టన్ పేరు ఉండనివ్వండి, ఆవిడ కోరుకున్నదీ అదే.

వెళ్లేవాళ్లు కచేరీ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. కాస్త ముందే చేరుకుని ఫెర్న్‌ల లోయతో మొదలుపెట్టండి. మెట్లు చాలానే ఎక్కాలి, మంచి చెప్పులు వేసుకోండి.