డోర్ ప్యాడ్ వెనుక పనితనం

కారులో పాట బాగా వినిపించాలంటే మంచి స్పీకర్లు కొంటే చాలనుకుంటాం. డబ్బా మీద 300 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. నిజానికి అది ఒక్క క్షణం తట్టుకోగల గరిష్ఠ శక్తి. నిలకడగా ఎంత మోయగలదో చెప్పేది ఆర్‌ఎంఎస్ అనే అంకె; వెదికి చూస్తే 50 అనో 60 అనో కనిపిస్తుంది. ఆ అంకె చెప్పేదీ సగం సంగతే. ఇంట్లో స్పీకరుకు చెక్కపెట్టె ఉంటుంది. మరి కారులో పెట్టె ఏది? తలుపే. పల్చటి రేకు, దాని నిండా కంతలు, లోపల దిగే అద్దం, పక్కనుంచి కారే వాననీళ్లు. ఇంత అననుకూలమైన చోటును పాట పలికే పెట్టెగా మార్చడమే ఈ వృత్తిలోని అసలు విద్య.

హైదరాబాదులో కారు యాక్సెసరీస్‌కు గన్‌ఫౌండ్రీ పేరుపడ్డ చోటు. అక్కడ తోటివాళ్లంతా ఉస్తాద్ అని పిలిచే ఒకాయన చిన్న హ్యాచ్‌బ్యాక్ ముందు తలుపులకు ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ జత బిగిస్తుంటే మొదటి నుంచి చివరి దాకా నిలబడి చూశాను. కాంపొనెంట్ అంటే వూఫరు, ట్వీటరు విడివిడిగా ఉండి, ఏ స్వరం ఎటు పోవాలో విడదీసే క్రాసోవర్ మధ్యలో ఉండే రకం. ఆయన స్పీకరు డబ్బా ముట్టుకోలేదు. ముందుగా వేళ్ల కణుపులతో తలుపు రేకును అక్కడక్కడా తట్టుతూ, ఎక్కడ డబడబమంటుందో చూసుకున్నారు. "ముందు దీని నోరు మూయించాలి సార్, పాట తర్వాత" అన్నారు.

ప్యాడ్ ఊడదీయడమే చూడముచ్చటైన పని. లోపలి హ్యాండిల్ వెనుక, చెయ్యి ఆన్చుకునే చోట మూతల కింద దాగిన స్క్రూలు విప్పి, ప్లాస్టిక్ పట్టీతో అంచు వెంబడి క్లిప్పులు ఒక్కొక్కటే వదిలించాలి. ఇనుప స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తే క్లిప్పులు విరుగుతాయి. ఆ తప్పు ఆరోజు తెలియదు. తర్వాత ఎప్పుడో గతుకుల రోడ్డు మీద కిటకిటలు మొదలవుతాయి. ఆ మోడల్‌కు సరిపోయే కొత్త క్లిప్పులు ఆయన ముందే తెచ్చి పెట్టుకున్నారు. వదులైన ప్రతిదాన్నీ మార్చారు.

స్పీకరు పనిచేసే తీరు దాదాపు వందేళ్లుగా మారలేదు. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ వెల్లడించిన నమూనాయే నేటికీ ఆధారం: అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అంటుకున్న కోను. కోను ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పల్చబడుతుంది. ఈ రెండూ కలుసుకుంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. తారస్థాయిలో ఇది అంతగా తెలియదు, మంద్రంలో మాత్రం బేస్ మాయమైపోతుంది. కంపెనీ తలుపు లోపలి రేకుకు చెయ్యి పట్టేంత కంతలు ఉంటాయి. అద్దం మోటారును బాగుచేయడానికి వదిలినవి అవి. వాటి మీద ఉండేది పల్చటి ప్లాస్టిక్ షీటు. వెనుక గాలికి ముందుకు రావడానికి అంతకంటే దారి అక్కర్లేదు. వేలకు వేలు పోసి కొన్న స్పీకరు పీలగా పలికిందంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకే ఉస్తాద్ ఎక్కువ సమయం గడిపింది ఇక్కడే. రేకును స్పిరిటు గుడ్డతో తుడిచి, బ్యూటైల్ రబ్బరు షీట్లు అతికించారు. ఇవి 2 మిల్లీమీటర్ల మందాన, పైన అల్యూమినియం పొరతో ఉంటాయి. రేకు వణికినప్పుడు మధ్యలో చిక్కుకున్న రబ్బరు సాగుతూ ముడుచుకుంటూ ఆ వణుకును వేడిగా మార్చేస్తుంది. కాబట్టి రోలరుతో గట్టిగా ఒత్తడంలోనే ఉంది పనంతా. లోపల గాలిబుడగ మిగిలితే అక్కడ షీటు ఉన్నా లేనట్టే. బయటి రేకు మొత్తాన్ని ఆయన కప్పలేదు. నడిభాగంలో, సుమారు నాలుగో వంతు మేర వేసి మళ్లీ తట్టి చూశారు. ఇందాక డబడబమన్న రేకు ఈసారి 'దబ్' అని ఆగిపోయింది. అక్కడితో చాలించారు. తలుపంతా కప్పితే బరువూ బిల్లూ పెరుగుతాయి గానీ ఫలితం ఆ మేరకు పెరగదు.

లోపలి రేకు కంతలకు అల్యూమినియం పలకలు కత్తిరించి, స్క్రూలతో బిగించి, వాటిపై షీటు పరిచారు. స్క్రూలు ఎందుకంటే, రేపు అద్దం మోటారు పాడైతే విప్పుకోవడానికి వీలుండాలి. ఎప్పుడో ఈ తలుపు తెరవబోయే మరో మెకానిక్ గురించి కూడా ఆలోచించిన ఆ తీరు నాకు అన్నిటికంటే నచ్చింది. లాకు కడ్డీలు కదిలే దారి వదిలారు. తలుపు అడుగున నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాల మీదికి షీటు రాలేదని వేలితో తడిమి మరీ చూసుకున్నారు. వాననీరు అద్దం పక్కనుంచి తలుపులోకి దిగి అడుగునుంచి పోయేలాగే కారును తయారుచేస్తారు. ఆ దారి మూస్తే తలుపు తుప్పు పట్టడం ఖాయం.

స్పేసరు రింగు ఎంపికలోనూ ఈ నీటి ఎరుకే కనిపించింది. స్పీకరును రేకుకు నేరుగా బిగిస్తే రేకూ దానితోపాటు మోగుతుంది. ఎం.డి.ఎఫ్. చెక్క రింగు చవక, కోయడం తేలిక. కాని అది నీరు పీల్చి ఉబ్బుతుంది, స్క్రూలు వదులవుతాయి. వాడక తప్పనప్పుడు అన్ని వైపులా వార్నిష్ పట్టించాలి. ఆయన దట్టమైన ప్లాస్టిక్ పలకలోంచి కోసిన రింగు వాడారు. అద్దం పూర్తిగా దించి, దానికీ అయస్కాంతానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూశాకే బిగించడం మొదలుపెట్టారు. ఎదురెదురు స్క్రూలను వంతులవారీగా కొంచెం కొంచెం తిప్పారు. స్పీకరు చుట్టూ నురగ పట్టీ అంటించారు. ప్యాడ్ మూశాక అది జాలీ వెనుక గట్టిగా ఆనుతుంది. ధ్వని ప్యాడ్ లోపలికి జారకుండా నేరుగా మన వైపే వస్తుంది.

తీగల పని వేగంగా సాగింది. కంపెనీ తీగలు కత్తిరించకుండా సరిపోయే కప్లర్లే వాడారు కాబట్టి వారంటీ పేచీ తక్కువ, కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్లు తిరిగి పెట్టుకోవచ్చు. రేకుకు తగిలి చప్పుడు చేయకుండా కప్లర్లకు గుడ్డ టేపు చుట్టారు. స్పీకర్లను నడిపే యాంప్లిఫయరుకు వెళ్లే పవర్ తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, సిగ్నల్ తీగలను కారుకు రెండో పక్కనుంచి లాగారు. ట్వీటర్లను కిటికీ ముందు పిల్లర్‌లో పెట్టమని కారు యజమాని అడిగితే ఒప్పుకోలేదు. ఆ కారుకు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. సైడ్ మిర్రర్ మూలనున్న ముక్కోణపు ప్లాస్టిక్‌లో అమర్చారు. ప్రాణరక్షణకు పెట్టిన చోట స్క్రూ దించని పనివాడిని నమ్మవచ్చు.

తర్వాత పరీక్షలు. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తాకిస్తే రెండు వైపులా కోను ముందుకే కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతే ప్లస్ మైనస్ తారుమారైనట్టు; బేస్ మళ్లీ పోతుంది. తలుపు స్పీకర్లు మోయలేని అట్టడుగు స్వరాలను 80 హెర్ట్జ్ దగ్గర ఆపారు. యాంప్లిఫయరు గెయిన్ చెవితో పెంచలేదు. స్పీకరు ఆర్‌ఎంఎస్ 50 వాట్లు, నిరోధం 4 ఓములు. రెండింటినీ హెచ్చించి వర్గమూలం తీస్తే 14 వోల్టుల పైచిలుకు. స్పీకర్లు విడదీసి, మల్టీమీటరులో ఆ అంకె కనిపించేంతవరకే తిప్పారు. చాలా ట్వీటర్లు మాడిపోయేది గెయిన్ అతిగా పెంచడం వల్ల.

చివరగా ఘంటసాల పాట పెట్టారు. ఆ కాలపు సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులే. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది కనుక గొంతు సరిగ్గా డ్యాష్‌బోర్డు నడుమ నిలబడాలి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ స్పీకరు అర మీటరు దూరం ఎక్కువైనా, ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ చిన్న తేడాకే గొంతు కుడి తలుపులోకి జారిపోతుంది. స్టీరియోలోని టైమ్ అలైన్‌మెంట్‌తో కుడి స్పీకరును అంతే ఆలస్యం చేస్తూ వచ్చారు. గొంతు మెల్లగా జరిగి స్టీరింగుకు ఎడమపక్క, అద్దం ఎదుట నిలబడింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి విన్నా అక్కడినుంచి కదల్లేదు.

స్పీకర్లు మార్చాలనుకునేవారికి నా సలహా ఒకటే. ఉన్న డబ్బంతా స్పీకర్ల మీదే పోయకండి. మధ్యరకం జత తీసుకుని, మిగిలినది తలుపు పనికి, కూలికి పెట్టండి. కారు అప్పగించేటప్పుడు ప్యాడ్ మూసేముందు ఒకసారి పిలవమని చెప్పండి. వెళ్లి లోపలి కంతలు మూశారా, రింగు దేనితో చేశారు, అడుగు రంధ్రాలు తెరిచే ఉన్నాయా చూడండి. చూపించడానికి వెనకాడే చోట కారు వదలకండి.