అడ్వాన్స్ కన్నా ముందు

‘అప్‌ఫ్రంట్’ అన్న ఇంగ్లిషు మాట తెలియాలంటే హైదరాబాద్ తార్నాకలో అద్దె గది వెతకాలి. పని మొదలవకముందే చేతిలో పెట్టే డబ్బుకూ ఆ మాటే, దాపరికం లేకుండా మాట్లాడే మనిషికీ ఆ మాటే. టు-లెట్ బోర్డు వేలాడే గేటు దగ్గర రెండూ అవసరమే. అడ్వాన్స్ ఎన్ని నెలలది? మంజీరా నీళ్లు రోజూ వస్తాయా, బోరేనా? కరెంటుకు సబ్‌మీటర్ ఉందా? ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటారా? ఇవన్నీ డబ్బు తీసుకోకముందే చెప్పే ఓనరే అప్‌ఫ్రంట్ మనిషి. రంగుల సంగతి సామాన్లు ఆటో ఎక్కాక చెప్పేవాడు చెప్పింది నిజమే అయినా, ఆ పేరు అతనికి చెల్లదు.

ఇంగ్లిషు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు పట్టింపు. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). ఈ రెండు క్యాంపస్‌లకూ ఊళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలు ఎందరో. ‘‘ఫ్రాంక్‌గా చెప్పాలంటే సార్...’’ అని మొదలుపెట్టి అసలు మాట మింగేస్తారు. పెద్దల ముందు ఆ జంకు మన పెంపకంలోనే ఉంది, వాళ్లను తప్పుపట్టలేను. ముందు నోరు విప్పాల్సింది మార్కులు, సంతకాలు చేతిలో ఉన్నవాళ్లు. ‘‘ఈ అంశానికి మెటీరియల్ దొరకదమ్మా, వేరేది చూసుకో’’ అని పీహెచ్‌డీ గైడ్ మొదటి ఏడాదే అంటే ఆ పిల్ల నాలుగు రోజులు ఏడ్చినా దారి మార్చుకుంటుంది. అదే మాట ఐదో ఏడు వింటే ఫెలోషిప్ అయిపోవస్తుంది, ఇంట్లో పెళ్లి మాటలు మొదలై ఉంటాయి.

గేటు మీద ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అని రాసి, ఫోన్లో కులం ఆరా తీసి, ‘‘మాది ఉన్నదున్నట్టు చెప్పే స్వభావం’’ అనేవాళ్లూ ఉన్నారు. ముందే చెప్పినంత మాత్రాన వివక్ష నిజాయితీ అయిపోదు. గది అడిగిన పిల్లాడు ఆ జవాబుతో ఏం మార్చుకోగలడు?

కొత్త బ్యాచ్ వచ్చే ముందు తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి ఓనర్లను ఒకటే కోరుతున్నాను. అద్దె, కోతలు, షరతులు ఒక కాగితం మీద రాసి, అడ్వాన్స్ అందుకోకముందే ఇవ్వండి. గైడ్లు కూడా మొదటి సెమిస్టర్‌లోనే అలాంటి కాగితం ఒకటి రాసివ్వాలి.