అవుటైతే ఏం పోవాలి?

1996లో క్యాప్‌కామ్ తెచ్చిన మొదటి ‘రెసిడెంట్ ఈవిల్’లో ఆట సేవ్ చేసుకోవాలంటే ముందు టైప్‌రైటర్ ఉన్న గది దొరకాలి. గది దొరికినా సరిపోదు, దగ్గర సిరా రిబ్బన్ ఉండాలి. సేవ్ చేసిన ప్రతిసారీ ఒక రిబ్బన్ ఖర్చయిపోతుంది. కథ జరిగే బంగళా అంతా గాలించినా అవి దొరికేది కొద్దికొద్దిగానే. పైగా మోసుకెళ్లే సామాన్ల అరల్లో ఒకదాన్ని ఆ రిబ్బన్లే ఆక్రమిస్తాయి. క్రిస్ పాత్రతో ఆడితే ఉన్నవి ఆరు అరలు, జిల్ పాత్రతో ఆడితే ఎనిమిది. తుపాకీ, తూటాలు, గాయానికి మూలిక, ఒకటి రెండు తాళంచెవులు పెట్టుకునేసరికి నిండిపోతాయి. రిబ్బన్ తీసుకెళ్లనా, ఇంకో మూలిక తీసుకెళ్లనా అని సామాన్ల పెట్టె ముందు ఆగిపోయినప్పుడే భయం మొదలవుతుంది. అప్పటికి జాంబీ ఇంకా కనబడనే లేదు.

దర్శకుడు షింజీ మికామీ బృందం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఈ రిబ్బనే. ఆ గేమ్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టుకుని లోపలికి దూకే కుక్కలున్నాయి. మొదటిసారి ఉలిక్కిపడతాం, రెండోసారి ముందే తుపాకీ ఎత్తి పట్టుకుంటాం. కానీ సేవ్ చేసి చాలాసేపైంది, ఒంట్లో సత్తువ తగ్గింది, ఎదురుగా ఇంతవరకూ తెరవని తలుపు ఉంది అన్నప్పుడు కలిగే గుబులు ఎన్నిసార్లు ఆడినా తగ్గదు. ఎందుకంటే అక్కడ పోయేది తెర మీది బొమ్మ ప్రాణం కాదు, నేను కూర్చుని ఆడిన సాయంత్రం. అది నిజంగా నాది.

2002లో మికామీయే ఆ గేమ్‌ను కొత్తగా మళ్లీ చేసినప్పుడు ఈ లెక్కను ఇంకా బిగించాడు. కాల్చి పడేసిన జాంబీ తల పగలకపోతే, దాన్ని కిరోసిన్ పోసి తగలబెట్టకపోతే, కొంతకాలానికి అదే ఎర్రబడి లేస్తుంది. ముందుకంటే వేగంగా మీద పడుతుంది. కిరోసిన్ ఏమో అందరికీ సరిపోయేంత ఉండదు. దాంతో చంపడమే మంచిదన్న నమ్మకం పోతుంది. తూటా మిగుల్చుకుని పక్కనుంచి తప్పించుకుపోయిన జాంబీయే మేలనిపిస్తుంది. శత్రువును ఓడించడం కూడా ఖర్చే అని చెప్పిన ఈ ఆలోచనను మించింది హారర్ గేముల్లో నేను చూడలేదు. 2019లో కొత్త రూపంలో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 2’లో రిబ్బన్లు కష్టమైన హార్డ్‌కోర్ స్థాయిలో మాత్రమే ఉన్నాయి. మామూలు స్థాయిలో గేమే తనంతట తాను సేవ్ చేసుకుంటుంది. కథ తెలుసుకోవడానికి అది చాలు. పోలీస్ స్టేషన్‌లో ఎక్కడో మనల్ని వెంటాడే మిస్టర్ ఎక్స్ బూట్ల చప్పుడు వినబడగానే ఒళ్లు గగుర్పొడవాలంటే మాత్రం హార్డ్‌కోరే ఆడాలి.

ఏ గేమ్ గురించి నన్నడిగినా బొమ్మలెలా ఉన్నాయి, కథ ఎలా ఉంది అన్నవి నాకు తర్వాతి సంగతులు. అవుటైతే నా దగ్గర్నుంచి ఏం తీసుకుంటుంది, తీసుకున్నదానికి బదులు ఏమిస్తుంది అన్నదే ముందు చూస్తాను. వైకుంఠపాళిలో పై వరుస దాకా ఎక్కినవాణ్ని పెద్దపాము మింగి కిందికి దించితే వాడు నేర్చుకోవడానికేమీ ఉండదు. గవ్వలు అలా పడ్డాయి, అంతే. వీడియో గేమ్‌లో నా చెయ్యి ఉంది. పోయినప్పుడు ఎందుకు పోయానో ఆ చేతికి తెలియాలి. తెలియకుండా తీసుకునే గేమ్ తొండి ఆడుతున్నట్టే లెక్క.

తొంభైల్లో, రెండువేల మొదట్లో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ ఖరీదు ఇంకో రకంగా తెలుసు. టీవీకి తగిలించే గేమ్, పసుపురంగు క్యాసెట్, అందులో ‘కాంట్రా’. ఒక్క తూటా తగిలితే లైఫ్ పోయినట్టే. సెట్టు ఒకటే, చుట్టూ చేరిన పిల్లలు నలుగురైదుగురు. లైఫులు అయిపోతే రిమోట్ పక్కవాడికిచ్చి, మళ్లీ వంతు వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి. పోయేది వంతు. కానీ ఆ కూర్చున్నసేపూ వృథా కాదు. జలపాతం లెవెల్లో రాళ్లు ఎక్కడ దొర్లుతాయో, ‘ఎస్’ గన్ ఎక్కడ పడుతుందో పక్కవాడి ఆట చూస్తేనే వంటబట్టేది. ఇంట్లో ఒక్కడే ఆడుకునే ఇప్పటి పిల్లలకు ఆ చదువు లేదు.

కంప్యూటర్ మీద అప్పట్లో తగిలిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ 1989 నాటిది. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కొక్కటిగా చూసి గీసుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడు ఆగమనగానే ఆగడు, మనిషిలా ఓ అడుగు జారి ఆగుతాడు. అంచు దగ్గర నిదానంగా అడుగేయడం నేర్చుకోనివాడు ముళ్ల మీద పడతాడు. ఎన్నిసార్లు చచ్చినా ఫరవాలేదు, లెవెల్ మళ్లీ మొదలవుతుంది. గడియారం మాత్రం వెనక్కి తిరగదు. ఆట మొత్తానికి ఉన్నది 60 నిమిషాలు. లైఫులు లెక్కపెట్టడం కంటే ఇది ఎంతో మంచి ఖరీదు. జంకకుండా ప్రయత్నించు, కానీ కాలయాపన చెయ్యకు అని చెబుతుంది.

అదే ఇష్టంతో 2000 నాటి ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ గురించి మాట్లాడలేను. మన నెట్ సెంటర్లలో దాన్ని ఆడనివాళ్లు తక్కువ. కొండ మీద పడుకుని బైనాక్యులర్లో స్థావరమంతా చూసుకోవడం, కంచె దాటడం, కెమెరా కంటబడకుండా గోడ వెంట పోవడం, ఇవన్నీ అప్పటికి మాకు కొత్త. మిషన్ మధ్యలో సేవ్ మాత్రం లేదు. చివరి గేటు దగ్గర ఏ వాచ్‌టవర్ మీంచో ఒకడు కాల్చేస్తే మిషన్ మొదటికి. పోయినందుకు బాధ లేదు. వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ అప్పజెప్పమనడం బాధ. కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ చివరి వాచ్‌టవర్ దగ్గర ఉంటే, గేమ్ నన్ను తెలిసిన దారంతా మళ్లీ నడిపిస్తుంది.

ఈ కారణంగానే చాలామంది నెత్తిన పెట్టుకునే ‘డార్క్ సోల్స్’ నాకు సగమే నచ్చుతుంది. 2011లో జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆ గేమ్‌లో చస్తే, కూడబెట్టిన సోల్స్ అన్నీ చచ్చినచోటే ఉండిపోతాయి. బతికి అక్కడిదాకా వెళ్తే తిరిగి తీసుకోవచ్చు. దారిలో మళ్లీ చస్తే ఇక దొరకవు. ఆలోచన బాగుంది. కానీ పోయినదాని కోసం పరుగెత్తేవాడు ఎదుట ఉన్నదాన్ని చూడడు. బాస్ గది దాకా ప్రతిసారీ నడిచే ఆ పొడుగాటి దారి కూడా అంతే. మొదటిసారి అదొక ప్రయాణం, తర్వాత ఉత్త నడక.

అదే గేమ్ దర్శకుడు హిడెటాకా మియాజాకీ 2019లో చేసిన ‘సెకీరో’ దగ్గరికి వచ్చేసరికి ఈ నడక చాలాచోట్ల తగ్గింది. పోరు జరిగే చోటికి దగ్గర్లోనే విగ్రహం ఉంటుంది, చస్తే అక్కడ లేస్తాం, నాలుగడుగులు వేసి మళ్లీ కత్తి దూస్తాం. డబ్బులో, అనుభవంలో సగం పోతుంది నిజమే, అది పెద్ద నష్టం కాదు. అసలు ఖరీదు వేరు. ఈ గేమ్‌లో ప్రాణం గీతతో పాటు నిలకడ గీత ఒకటుంది. దెబ్బ పడే క్షణంలోనే కత్తి అడ్డుపెడితే ఎదుటివాడి నిలకడ చెదురుతుంది. అది పూర్తిగా చెదిరితే మామూలు శత్రువు ఒకే వేటుకు పోతాడు. దూరం జరిగితే ప్రాణం దక్కుతుందన్నది మిగతా యాక్షన్ గేములు మన చేతికి నేర్పిన అలవాటు. ఇక్కడ దూరం జరిగితే ఎదుటివాడు ఊపిరి పీల్చుకుని మళ్లీ కుదురుకుంటాడు. అంటే నా జాగ్రత్తే నాకు శత్రువు. ఆశీనా కోట పైన బాస్ గెనిచిరోతో తలపడేదాకా ఈ సంగతి మాటల్లో తెలిసినా ఒంటికి తెలియదు. వాడు ఆగడు. మనం వెనక్కి తగ్గినకొద్దీ పోరు సాగుతుంది, సాగినకొద్దీ తప్పులు పెరుగుతాయి. చచ్చి చచ్చి ఒకసారి, వెనక్కి పడాల్సిన అడుగు పడదు. కత్తికి కత్తి తగిలిన మోతలో తేడా తెలుస్తుంది, సమయానికి అడ్డుపెడితే ఒక మోత, ఊరికే కాచుకుంటే ఇంకో మోత. కంటికంటే ముందు చెవి నేర్చుకుంటుంది. ఆ పోరులో పోయిన ప్రతి లైఫూ నాకు ఏదో ఒకటి ఇచ్చిపోయింది. యాక్షన్ గేముల్లో నా దృష్టిలో దీనికి పైన ఏదీ లేదు.

పజిల్ గేముల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ పోవడానికేమీ ఉండకూడదు. 1982లో వచ్చిన హిరోయుకి ఇమాబయాషీ ‘సోకోబాన్’లో పెట్టెను తొయ్యగలం, లాగలేం. మూలకు తోశామా, ఇక అంతే. నియమం ఎంత చిన్నదో అంత లోతైనది. అయితే ఒక్క తప్పుతోసుడుకు మొత్తం మళ్లీ మొదలుపెట్టాలంటే బుర్ర పెట్టె మీద ఉండదు, విసుగు మీద ఉంటుంది. ఫిన్లాండ్ కుర్రాడు ఆర్వీ టెయికారీ 2019లో తెచ్చిన ‘బాబా ఈజ్ యూ’ ఆ సోకోబాన్ సంతానమే. అందులో తోసేవి మాటలు. ‘వాల్ ఈజ్ స్టాప్’ అన్న మూడు పలకల్లో ఒకదాన్ని పక్కకు తోస్తే గోడ గోడగా అడ్డుపడదు. తప్పుచేస్తే ఒక మీట నొక్కి ఎన్ని అడుగులైనా వెనక్కి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అలా ఏదీ పోదని తెలిశాకే పిచ్చి పిచ్చి ఆలోచనలు వస్తాయి, జవాబు ఎప్పుడూ వాటిలోనే ఉంటుంది. చిక్కుపడి కూర్చున్న గంటలే దాని ఖరీదు. ఆ గంటల్లో మెదడు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ఒక్క చోట మాత్రం పజిల్‌కు కట్టుబాటు కావాలి. ఊహించి కొట్టేసేవాణ్ని ఆపాలి. లూకస్ పోప్ 2018లో చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ ఈ పని అద్భుతంగా చేస్తుంది. 1807లో తిరిగొచ్చిన ఖాళీ ఓడ, అందులో ఉండాల్సిన 60 మంది. ఎవరు ఎవరో, ఏమైపోయారో రాసిపెట్టాలి. రాసింది సరైనదా కాదా అని ఒక్కొక్కటిగా చెప్పదు, మూడు సరిపోయినప్పుడే అచ్చువేసి ఖాయం చేస్తుంది. రెండు తెలిసి మూడోదాన్ని గుడ్డిగా కొట్టేద్దామనుకున్నా పేర్లన్ని, చావు రకాలన్ని ఉన్నాయి గనక విసుగొచ్చి మళ్లీ ఆధారాల దగ్గరికే వెళ్తాం. మనిషి యాసను, కాలి మేజోళ్లను, పడుకునే ఊయలను చూసి మనిషిని గుర్తుపట్టినప్పుడు కలిగే ఆనందం ఇంకే పజిల్‌లోనూ నాకు దొరకలేదు.

హారర్‌కు వస్తే చిక్కు పెద్దది. భయం చావు వచ్చేదాకానే. ఒకసారి ఆ రాక్షసి చేతిలో చచ్చి, అది ఎలా చంపుతుందో చూసి, మళ్లీ అదే నడవలో లేచామంటే అదిక రాక్షసి కాదు, దాటాల్సిన అడ్డంకి. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్లకు ఇది బాగా తెలుసు. 2010లో వాళ్లు చేసిన ‘అమ్నీషియా’లో చేతికి ఆయుధమే ఇవ్వలేదు. కొన్నిచోట్ల మనం చచ్చి లేచేసరికి ఆ రాక్షసి ఆ చోట ఉండదు. దీనివల్ల విసుగు తప్పింది. పట్టుబడినా ఏమీ కాదని పసిగట్టినవాడికి భయమూ తప్పింది.

2014 నాటి ‘ఏలియన్: ఐసోలేషన్’ మరో దారి పట్టింది. అందులో ఏలియన్‌ను నడిపే బుర్రలు రెండు. ఒకదానికి మనమెక్కడున్నామో ఎప్పుడూ తెలుసు, కానీ అది ఏలియన్‌కు చెప్పదు, ఫలానా వైపు వెతుకు అని మాత్రం సూచిస్తుంది. రెండోది ఏలియన్ సొంత కళ్లూ చెవులూ. అందుకే అది ప్రతిసారీ ఒకే దారిన రాదు, బట్టీపట్టి దాటే వీలు లేదు. సేవ్ చేసుకోవడానికి గోడ మీది ఫోన్‌లో కార్డు పెట్టి కొన్ని క్షణాలు ఆగాలి, ఆ క్షణాల్లోనూ అది వచ్చి చంపగలదు. ఇంత చక్కటి అమరికను కూడా మరీ పొడిగించి పలచన చేసుకున్నారు. మంటల తుపాకీ చేతికొచ్చాక నాకు మునుపటి భయం లేదు.

ఫ్రిక్షనల్ వాళ్లే 2015లో చేసిన ‘సోమా’కు రెండేళ్ల తర్వాత సేఫ్ మోడ్ చేర్చారు. అందులో రాక్షసులు చంపరు. దీంతో హారర్ చచ్చిపోయిందన్నవాళ్లతో నేను ఏకీభవించను. సముద్రం అడుగున మనిషి మనసును యంత్రంలోకి నకలు తీసే ఆ కథలో భయపెట్టేది రాక్షసి కాదు, నకలు తీశాక మిగిలిపోయిన మనిషి ఏమవుతాడన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు సేఫ్ మోడ్ లేదు.

2018 నాటి ‘సెలెస్ట్’ కూడా ఇలా ఆడేవాళ్లకు వెసులుబాటు ఇచ్చే విషయంలో నాకు ఆదర్శం. కొండ ఎక్కే ఆ గేమ్‌లో పడితే రెప్పపాటులో అదే తెర మొదట్లో లేస్తాం. అంచు దాటాక కూడా సెకనులో పదో వంతు సేపు గెంతే వీలిస్తుంది. ‘నేను నొక్కాను కదా’ అనుకునే సందర్భమే రాకుండా చూస్తుంది. ఆపైన అసిస్ట్ మోడ్ ఉంది. ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. గేమ్ చేసినవాళ్లు ముందు తమ ఖరీదు తాము నిర్ణయించి, దాన్ని దాచకుండా చెప్పి, తగ్గించుకునే వీలు ఆడేవాళ్ల చేతిలో పెట్టారు. సెకీరోలో అలాంటిదేమీ లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కీళ్లనొప్పులున్నవాళ్లు, వయసు మీదపడి చెయ్యి నెమ్మదించినవాళ్లు, ఒంటిచేత్తో ఆడేవాళ్లు కూడా ఆ కోట పైదాకా ఎక్కాలి. గెనిచిరో కత్తి పదింట ఎనిమిది వంతుల వేగంతో వచ్చినా, వెనక్కి అడుగేస్తే వాడు కుదురుకుంటాడన్న నియమం మారదు.