చెప్పని ద్రోహం: ‘పాంచో అండ్ లెఫ్టీ’ గేయకథలో ధ్వని

టెక్సస్ గేయకారుడు టౌన్స్ వాన్ జాంట్ (1944–1997) రచించిన ‘పాంచో అండ్ లెఫ్టీ’ 1972లో వెలువడింది. విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ కలిసి పాడిన తరువాత, 1983లో అమెరికా కంట్రీ పాటల జాబితాలో ప్రథమస్థానం పొందింది. ఇద్దరు బందిపోట్ల మైత్రి, అందులో ఒకడు చేసిన ద్రోహం దీని వస్తువని సాధారణంగా చెబుతారు. కాని ద్రోహం జరిగిందన్న మాట గేయంలో ఎక్కడా లేదు.

గేయం చెప్పేది స్వల్పం. పాంచో మెక్సికో ఎడారిలో మరణించాడు. అదే రోజున లెఫ్టీ ఒహాయోకు బయలుదేరాడు. దారిఖర్చులకు డబ్బు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఈ మూడు విషయాలను కార్యకారణాలుగా ముడివేసే పదం ఒక్కటీ లేదు. ముడివేసేది శ్రోతే. మన ఆలంకారికుల పరిభాషలో ఇది వస్తుధ్వని. చివర లెఫ్టీ కోసం కూడా ప్రార్థించమని కోరే సందర్భంలో సైతం, అతడు చేసినదానికి గత్యంతరం లేదన్న సూచనే ఉంటుంది తప్ప చేసినదేమిటో ఉండదు.

పల్లవి ఈ అనుమానాన్ని బలపరచకపోగా చిక్కుపరుస్తుంది. తలచుకుంటే పాంచోను ఏనాడైనా పట్టుకోగలిగేవారమని, దయతో విడిచిపెట్టామని మెక్సికో పోలీసులు చెప్పుకుంటారు. అంత సులభంగా దొరికేవాడి కోసం మరొకరికి డబ్బు ముట్టజెప్పడం ఎందుకు? లెఫ్టీ చేతి డబ్బు ద్రోహానికి వెల అయితే పోలీసుల మాట డాంబికం. వారి మాట నిజమైతే లెఫ్టీపై నేరం నిలవదు. చివరి పల్లవికి వారి తలలు నెరుస్తాయి, గొప్పలు మాత్రం తగ్గవు.

పేరును బట్టి పాంచోను విప్లవనాయకుడు పాంచో విల్లాతో ముడిపెట్టడం కద్దు. విల్లా 1923 జూలై 20న పర్రాల్ పట్టణంలో కారులో వెళ్తుండగా హత్యకు గురయ్యాడు. గేయంలోని గుర్రానికీ, ఎడారికీ, ఆఖరిమాట వినే దిక్కులేని చావుకూ ఆ చరిత్రతో పొత్తు కుదరదు.

గేయానికి ఆయువుపట్టు మట్టి. నేలకూలడాన్ని తెలుగువారు మట్టికరవడం అన్నట్టే ఇంగ్లీషు నుడికారమూ ధూళిని కరవడం అంటుంది. వాన్ జాంట్ ఆ నుడికారాన్ని వాచ్యార్థంలోకి దించాడు. దక్షిణాన పాంచో కరచిన మట్టి ఉత్తరాన లెఫ్టీ నోటిలో చేరింది. ఒకప్పుడు రాత్రంతా పాడిన గొంతు ఇక పాడలేదు. అంటే లెఫ్టీ కూడా గాయకుడే. పాంచో మరణాన్ని కవులు గానం చేస్తుంటే, వారిలో చేరదగినవాడు క్లీవ్‌లాండ్‌లో ఒక చౌక హోటల్లో, చలిలో, మూగవాడై ముసలివాడవుతున్నాడు. ద్రోహికి శిక్ష పడిందా లేదా అన్న చర్చ కన్నా ఈ మూగతనమే విమర్శకుల దృష్టికి రావలసినది. పాంచోకు కవులున్నారు, లెఫ్టీకి ఈ ఒక్క పాటే ఉంది.

1983 నాటి యుగళగీతంలో లెఫ్టీ వార్ధక్యాన్ని చెప్పే చరణం హాగర్డ్‌కు దక్కింది. ఆయన గొంతులోని బరువు దానికి తగినదే. అయినా ఇద్దరు ప్రఖ్యాత మిత్రులు జంటగా పాడడం వల్ల, విడిపోయినవారు తిరిగి కలిసిన భ్రాంతి కలుగుతుంది. కథకు అది విరుద్ధం. 1972 రికార్డులోని వాద్యసమ్మేళనం కూడా కొంత అడ్డుపడేదే. 1973లో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్‌లో వాన్ జాంట్ గిటారు తప్ప మరో తోడు లేకుండా పాడిన పాఠమే గేయానికి సన్నిహితం. క్లీవ్‌లాండ్ చలి అందులో వినిపిస్తుంది.